అప్‌డేట్: ఎంక్యాట్ కార్స్‌లో సమయం చాలడం లేదని అడిగినది నేనే

అమెరికాలో వైద్య కళాశాలల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లోని కార్స్ విభాగంలో, అంటే పాఠ్యభాగాలు చదివి వాటిపై ప్రశ్నలకు జవాబులిచ్చే భాగంలో, నమూనా పరీక్షల్లో 122 (స్కోరు 118 నుంచి 132 దాకా ఉంటుంది) దాటడం లేదనీ, చివరి రెండు పాఠ్యభాగాలు చదవకుండానే సమయం అయిపోతోందనీ, వేగంగా చదవడం నేర్చుకోవాలా అనీ డిసెంబరులో అడిగాను.

వేగం తక్కువై కాదు, చదివిందే మళ్ళీ చదవడం వల్లే ఆలస్యమవుతోందని మీలో ఒకరన్న మాటే నిజమైంది. 90 నిమిషాల్లో 9 పాఠ్యభాగాలు, 53 ప్రశ్నలు; నేనేమో మొదటిదానికే 14 నిమిషాలు పెడుతున్నాను.

తప్పులన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాక అసలు జబ్బు బయటపడింది. భవన నిర్మాణంపై ఒక వ్యాసంలో రచయిత ఎదుటి పక్షం వాదనను ఎంతో సానుభూతితో వివరించి, మూడో పేరాలో ‘అయినప్పటికీ’ అంటూ దాన్ని తోసిపుచ్చితే, నేను ఆ మొదటి వాదననే రచయిత అభిప్రాయంగా తీసుకుని నాలుగు ప్రశ్నలు పోగొట్టుకున్నాను. జీవశాస్త్రం చదివి చదివి ప్రతి వాక్యాన్నీ వాస్తవంగా స్వీకరించే అలవాటు నాది (ఆ అలవాటు మిగతా విభాగాల్లో బాగానే పనికొచ్చింది). ఇప్పుడు ప్రతి పేరా పక్కనా అది ఎవరి మాటో మనసులో గుర్తు పెట్టుకుంటున్నాను.

పరీక్ష నిర్వహించే అమెరికా వైద్య కళాశాలల సంఘం (ఏఏఎంసీ) సొంత ప్రశ్నలను చివరి ఆరు వారాలకు దాచుకోమన్న సలహా కూడా పాటించాను. గత వారం ఫలితం వచ్చింది: 132కు 127. ఆశించిన 128 రాలేదు గాని, ఈ ఏడాదే దరఖాస్తు చేస్తున్నాను.