ఫ్రిస్కోలో చిన్న ఇల్లా, ప్లేనోలో పాత ఇల్లా, సెలైనాలో కొత్త ఇల్లా?

వ్యాలీరాంచ్_అమ్మ:

అందరికీ నమస్తే. మేం టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో వ్యాలీ రాంచ్ అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. పెద్దవాడు నాలుగో క్లాసు, చిన్నదానికి మూడేళ్లు. స్కూల్ కొప్పెల్ ఐఎస్‌డీ (స్కూల్ డిస్ట్రిక్ట్), దాని మీద ఏ కంప్లైంటూ లేదు. కానీ ఇక్కడే కొందామంటే మా బడ్జెట్‌కి టౌన్‌హోమ్ తప్ప ఏదీ రావడం లేదు. మా అత్తగారూ మావగారూ వచ్చినప్పుడు నెలల తరబడి ఉంటారు, మావగారు మెట్లెక్కలేరు. కింద ఒక బెడ్‌రూమ్ తప్పదు.

బడ్జెట్ ఐదున్నర లక్షల డాలర్లు. చూసినవి మూడు. ఫ్రిస్కో ఐఎస్‌డీలో 1,800 చదరపు అడుగుల చిన్న ఇల్లు. ప్లేనోలో 1986లో కట్టిన 2,400 అడుగుల ఇల్లు, వెనకాల పెద్ద పెకాన్ చెట్టు (నాకు మనసు దాని మీదే ఉంది). సెలైనాలో కొత్త ఇల్లు, అన్నిటికంటే పెద్దది, కానీ మా ఆయన ఆఫీసు అక్కడికి చాలా దూరం, ఇర్వింగ్‌లోని లాస్ కొలీనస్‌లో.

ఆయన ఎక్సెల్ షీటులో గ్రేట్‌స్కూల్స్ వెబ్‌సైట్ స్కూళ్లకిచ్చే రేటింగ్ పదికి 9 లోపు ఉన్న ఇళ్లన్నీ ఎర్ర రంగు వేసేశారు. ప్లేనో ఇంటి ఎలిమెంటరీకి 7. వంటింట్లో రోజూ ఇదే చర్చ. 7కీ 10కీ తేడా నిజంగా పిల్లాడికి తెలుస్తుందా? ఈ దారిలో వెళ్లినవాళ్లు చెప్పండి.

ఫ్రిస్కో_పాతకాపు:

మా పెద్దమ్మాయి ఫ్రిస్కోలో హైస్కూల్ జూనియర్, అంటే పదకొండో క్లాసు. లోపలి నుంచి చూసి చెబుతున్నా.

ఆ రేటింగ్‌లో ఎక్కువ బరువు పరీక్షల మార్కులదే. డబ్బున్న ఇళ్ల పిల్లలు, సాయంత్రం కూమన్, రష్యన్ మ్యాత్ లాంటి ట్యూషన్లకి వెళ్లే పిల్లలు ఎక్కువున్న చోట మార్కులు బాగుంటాయి. అందులో టీచర్ గొప్పతనం ఎంత, ఇంట్లో అమ్మ గొప్పతనం ఎంత అన్నది ఆ అంకె చెప్పదు. పక్కన అపార్ట్‌మెంట్లుండి, అప్పుడే ఇంగ్లీష్ నేర్చుకుంటున్న పిల్లలు ఎక్కువుంటే అంకె 7కి దిగుతుంది. అదే స్కూల్లో మీ వాడికి చాలా మంచి టీచర్లు దొరకొచ్చు.

అసలు సంగతి హైస్కూల్లో ఉంది. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్ అంతా క్లాస్ ర్యాంకు మీద నడుస్తుంది. టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీకి క్లాసులో టాప్ పది శాతం. యూటీ ఆస్టిన్‌కి (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్) ఆరు శాతం ఉండేది, 2026 ఫాల్ నుంచి ఐదు. ఫ్రిస్కో పద్ధతి చిన్న హైస్కూళ్లు. బ్యాచ్‌లో ఐదొందల మంది అనుకోండి, ఐదు శాతం అంటే పాతిక మంది. ఆ పాతిక కోసం మనవాళ్లూ చైనా వాళ్లూ తొమ్మిదో క్లాసు నుంచే పోటీ. మా అమ్మాయి చదువులో బాగానే ఉంటుంది, ర్యాంకు మాత్రం 14 శాతం దగ్గర ఆగింది. ఆ మధ్య ఒక బి గ్రేడ్ వస్తే రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆ ఐదు శాతంలోకి వచ్చినవాళ్లకీ సీటు యూనివర్సిటీలోనే గ్యారంటీ, కంప్యూటర్ సైన్స్‌లో కాదు. 'మంచి స్కూల్' అని లక్ష ఎక్కువ పెట్టేవాళ్లకి ఈ లెక్క ఎవరూ చెప్పరు.

అలాగని ఫ్రిస్కో వద్దనను. ఆర్కెస్ట్రా, రోబోటిక్స్, కాలేజీ స్థాయి ఏపీ కోర్సులు, ఏం కావాలన్నా ఉంటాయి. మీ వాడు పోటీ ఇష్టపడే రకమా, ముడుచుకుపోయే రకమా అన్నది మీకే తెలియాలి.

ఇంకోటి, ఊరి పేరు చూసి కొనకండి. ఫ్రిస్కో అడ్రస్ ఉన్న ఇళ్లు కొన్ని లూయిస్‌విల్ ఐఎస్‌డీకీ, ఇంకొన్ని లిటిల్ ఎల్మ్, ప్రాస్పర్ ఐఎస్‌డీలకీ వెళ్తాయి. మెకిన్నీలో క్రెయిగ్ రాంచ్ వైపూ, ప్లేనో ఉత్తరం కొసనా ఫ్రిస్కో ఐఎస్‌డీ ఉంది. రియల్టర్ మాట పక్కన పెట్టి డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఇంటి నంబర్ కొట్టి చూడండి.

మెకిన్నీ_లెక్కలమాస్టారు:

స్కూళ్ల గురించి పైన చెప్పేశారు, నేను ట్యాక్స్ చెబుతా. సెలైనా ఇల్లు మడ్‌లో ఉందా అని ముందు అడగండి. మడ్ అంటే మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్. నీళ్లూ డ్రైనేజీ లైన్లూ వేయడానికి అది తెచ్చిన అప్పు ఆ కాలనీ వాళ్లే ట్యాక్స్‌తో తీరుస్తారు. అది కలిస్తే మొత్తం ట్యాక్స్ ఇంటి విలువలో రెండున్నర శాతం దాకా పోవచ్చు. ఐదున్నర లక్షల మీద ఒక్క శాతం తేడా అంటే ఏడాదికి 5,500 డాలర్లు, అంటే మీ నలుగురికీ హైదరాబాద్ టికెట్లు.

కొత్త ఇంట్లో ఇంకో తిరకాసు ఉంది. జనవరి 1న అక్కడ ఉత్త స్థలమే ఉంటే మొదటి ఏడు ట్యాక్స్ స్థలానికే వస్తుంది. చూసి మురిసిపోతారు. మరుసటి ఏడు ఇంటితో కలిపి వేస్తారు, ఎస్క్రో (ట్యాక్స్ కోసం లోన్ కంపెనీ నెలనెలా తీసి పెట్టే డబ్బు) చాలక మంత్లీ పేమెంట్ ఒక్కసారిగా ఎగురుతుంది.

ఏది కొన్నా హోమ్‌స్టెడ్ వేయండి, అంటే సొంతంగా ఉండే ఇంటికిచ్చే ట్యాక్స్ మినహాయింపు. 2025 నవంబర్ ఓటు తర్వాత స్కూల్ ట్యాక్స్‌లో ఇంటి విలువలోంచి 1,40,000 డాలర్లు తీసేస్తున్నారు. డ్రైవింగ్ లైసెన్స్ మీద ఆ ఇంటి అడ్రస్ ఉండాలి, హెచ్1బీ అయినా ఇబ్బంది లేదు.

జస్ట్_అద్దె:

నా మాట వింటే రెండేళ్లు ప్లేనోలో ఇల్లు అద్దెకి తీసుకోండి. స్కూల్ నచ్చిందా కొనండి, లేదా సర్దుకుని వెళ్లిపోండి. వీసా మీద ఉన్నవాళ్లకి ఇంత టెన్షన్ దేనికి?

వ్యాలీరాంచ్_అమ్మ:

అద్దె మాట మావగారి దగ్గర ఎత్తితే ఇంకో రెండేళ్లు అదే వినాలి 😀

పాతకాపు గారూ, క్లాస్ ర్యాంకు సంగతి మా ఆయనకి చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత షీటులో ఎర్ర రంగు తీసేశారు. మా వాడు ముడుచుకుపోయే రకమే. క్లాసులో చెయ్యెత్తడానికే భయపడతాడు. సెలైనా వదిలేశాం, టోల్ రోడ్డు మీద రోజూ ఆయన పడే పాట్లు తల్చుకుంటేనే చాలు. ప్లేనో మీద ఒక్కటే అనుమానం. అక్కడ స్కూళ్లు మూసేస్తున్నారట కదా?

ఫ్రిస్కో_పాతకాపు:

నిజమే. పిల్లలు తగ్గుతున్నారని 2024 జూన్‌లో ప్లేనో బోర్డు నాలుగు స్కూళ్లు మూయడానికి ఓటేసింది. ఫ్రిస్కోలో కూడా స్టేలీ మిడిల్ స్కూల్ 2025లో మూతపడింది, కాబట్టి ఎక్కడ కొన్నా ఆ భయం ఉంటుంది. ఎలిమెంటరీ ఒక్కటే చూడకండి, మిడిల్, హైస్కూల్ ఏవో చూడండి. ప్లేనోలో పదకొండు, పన్నెండు క్లాసులు వేరే సీనియర్ హైస్కూల్లో ఉంటాయి, చాలా పెద్ద క్యాంపస్‌లు. మీ వాడికి అది ఎలా ఉంటుందో ఒకసారి తీసుకెళ్లి చూపించండి.

1986 ఇల్లంటే ముందు ఫౌండేషన్. ఇక్కడి నల్లమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. గోడకి దగ్గరగా పెద్ద చెట్టుంటే మట్టిలో తడి ఇంకా లాగేస్తుంది. మామూలు ఇన్‌స్పెక్టర్ చాలడు, స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పెట్టుకోండి.

వ్యాలీరాంచ్_అమ్మ:

అయ్యో, నా పెకాన్ చెట్టు! శనివారం మళ్లీ చూడ్డానికి వెళ్తున్నాం. ప్లేనోలో ఎవరైనా ఇంజనీర్‌తో ఫౌండేషన్ చూపించుకుని ఉంటే ఫీజు ఎంతైందో చెప్పండి. రియల్టర్ పంపే మనిషి మాత్రం వద్దు.