కోచ్‌ను తెలుగులో ఏమని పిలుద్దాం?

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం నుంచి రాస్తున్నాను. మొన్న మా అమ్మకు పేపర్లో ఆటల పేజీ చదివి వినిపిస్తున్నాను. 'జట్టుకు కొత్త శిక్షకుడు' అనగానే ఆపి, "ఏటి తప్పు చేసారు ఆళ్లు?" అని అడిగింది. ఆమెను తప్పుపట్టలేం. సంస్కృతంలో శిక్ష అంటే నేర్పడం, నేర్చుకోవడం. ఆరు వేదాంగాల్లో ఒకదాని పేరే శిక్ష. తెలుగులోకి వచ్చేసరికి అది జైలు, గోడకుర్చీ అయిపోయింది. 'శిక్షణ' అందరి నోటా నిలిచింది గానీ 'శిక్షకుడు' పేపరు దాటి బయటికి రాలేదు.

అసలు కోచ్ అన్న మాట హంగేరీలోని కోచ్ అనే ఊరి పేరు. అక్కడ తయారైన గుర్రబ్బండ్లకు ఆ పేరు స్థిరపడింది. 19వ శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు తమను పరీక్ష దాటించే ట్యూటర్‌ను కోచ్ అన్నారు. ఆటల్లోకి ఆ తర్వాత వచ్చింది. రైలు కోచ్, ఆట కోచ్ ఒకే మాట. వాళ్లు బండెక్కించారు, మనం 'గట్టెక్కించాడు' అంటాం.

మరి బండి తోలేవాడు సారథి కదా! ఆ మాటను మన పేపర్లు కెప్టెన్‌కు ఇచ్చేశాయి. ఇది క్రికెట్ ప్రభావమని నా నమ్మకం. ఫీల్డర్ ఎక్కడ నిలబడాలి, బంతి ఎవరికివ్వాలి అన్నది అక్కడ కెప్టెన్ చేతిలో పని. 1983లో ప్రపంచ కప్ గెలిచిన కపిల్ జట్టుతో కోచ్ అనే మనిషే వెళ్లలేదు. వెంట ఉన్నది మేనేజర్, హైదరాబాదు వారైన పి.ఆర్. మాన్ సింగ్.

ఫుట్‌బాల్‌లో పగ్గాలు కోచ్ చేతిలో ఉంటాయి. కోచ్ ఫెర్గూసన్ ఇంగ్లండ్ జట్టు మాంచెస్టర్ యునైటెడ్‌కు 13 లీగ్ టైటిళ్లు తెచ్చి, 2013లో విజేతగానే తప్పుకున్నాడు. దాదాపు అదే జట్టు మరుసటి ఏడాది 7వ స్థానానికి పడిపోయింది. ఇది చూసి కోచే సర్వం అనుకుందామంటే అదే లీగ్‌లో లెస్టర్ జట్టు ఉంది. 2016లో కోచ్ రనియేరి ఆ జట్టును ఛాంపియన్‌ను చేశాడు, 2017 ఫిబ్రవరిలో ఓటముల మధ్య ఉద్యోగం పోగొట్టుకున్నాడు. నేర్పేవాడు మారలేదు. కానీ మధ్యలో కాంటే అనే ఆటగాడు చెల్సీ జట్టుకు వెళ్లిపోయాడు. అంతకుముందు 10వ స్థానంలో ఉన్న చెల్సీ ఆ ఏడాది టైటిల్ కొట్టింది. అయితే అక్కడ కొత్త కోచ్ కూడా వచ్చాడు, కోంతె. గెలిపించింది కోంతె బుర్రా, కాంటే కాళ్లా? నేనైతే విడదీసి చెప్పలేను.

ఒకప్పటి మన హైదరాబాదు ఐపీఎల్ జట్టు డెక్కన్ చార్జర్స్‌నే చూడండి. 2008లో అట్టడుగు, 2009లో విజేత. ముఖ్యమైన ఆటగాళ్లు చాలామంది పాతవాళ్లే. కొత్తగా కోచ్ లేమన్ వచ్చాడు, గిల్‌క్రిస్ట్ పూర్తి స్థాయి కెప్టెన్ అయ్యాడు. లేని సత్తాను కోచ్ తెచ్చి పెట్టలేడు. ఉన్న సత్తా మూలన పడి ఉండకుండా చూస్తాడు. ఆ పని చిన్నదేం కాదు.

అందుకే నా ఓటు 'ఒజ్జ'కు. ఉపాధ్యాయ శబ్దం అరిగి అరిగి ఒజ్జ అయింది. పిల్లాడు చూసి రాయడానికి గురువు పైన రాసిచ్చే వరుస ఒజ్జబంతి. (ఈ బంతి పంక్తి నుంచి వచ్చింది, ఆడే బంతి కాదు.) ఏమంటారు?

బొబ్బిలి నుంచి ఒకరు: కన్నడంవాళ్లు హాయిగా 'తరబేతుదార' అంటారు. అది అరబ్బీ మాట 'తర్బియత్' నుంచి వచ్చింది, మన తరిఫీదు కూడా దాన్నుంచి వచ్చిందే. 'తర్బియత్'కు పెంపకం అనే అర్థం కూడా ఉంది. ఆ అర్థం పోకుండా ఉంటే బాగుండు. 'ఒజ్జ' పుస్తకాల్లో బాగుంటుంది, గ్రౌండులో ఎవరు పిలుస్తారండీ?

ఆమదాలవలస నుంచి ఒకరు: ఎందుకండీ ఇంత వెతుకులాట? మన వైపు మాష్టారు లేరా? బళ్లో డ్రిల్లు మాష్టారు, బయట వెయిట్ లిఫ్టింగ్ మాష్టారు. మా పక్కనే ఊసవానిపేట. ఆ ఊరి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఆమెకు తొలి పాఠాలు నేర్పిన నీలంశెట్టి అప్పన్న గారి గురించి చెప్పుకునేటప్పుడు మాకు మాష్టారు అన్న మాటే వస్తుంది. 'శిక్షకుడు' అనం, 'ఒజ్జ' అనం.

నా జవాబు: మీ మాట చదివాక నిన్న సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకు వెళ్లాను. కబడ్డీ పిల్లలు ప్రాక్టీసు చేస్తున్నారు. ఒక కుర్రాడు చీలమండ పట్టబోయి ప్రతిసారీ మట్టి పట్టుకుంటున్నాడు. నేర్పే ఆయన కేక వెయ్యలేదు. తనే రైడర్‌లా కాలు చాపి నిలబడి, "ఆడి కళ్లు సూడకురా, మోకాలు సూడు. కన్ను మోసం సేస్తది, కాలు సెయ్యదు" అన్నాడు. పది పన్నెండు సార్లు తన కాలే పట్టించాడు. నేను రాసిన ఒజ్జబంతి అదేననిపించింది. కాసేపటికి ఆట మళ్లీ మొదలైంది. ఈసారి కాలు చిక్కింది. కింద పడి ఉండే, వదలకుండా అరిచాడు కుర్రాడు: "మాష్టారూ! దొరికిందండీ!"

నా ఓటు మార్చుకుంటున్నాను.