సెవెలమర్ మానకుండా వేసుకుంటున్నా ఫాస్ఫరస్ 7.2, ఏం చేయాలి?

ప్రశ్న:
మా నాన్నగారికి 61 ఏళ్లు, మాది సోంపేట దగ్గర పల్లె. రెండేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్. రక్తంలో ఫాస్ఫరస్ పోయిన నెల 6.4 ఉంటే ఈ నెల 7.2 వచ్చింది. దాన్ని తగ్గించడానికి సెవెలమర్ 800 మాత్రలు రోజుకి మూడు రాశారు, నేనే డబ్బాలో సర్ది ఇస్తున్నా, ఒక్కటీ మానట్లేదు. ఒళ్లంతా దురద, రాత్రుళ్లు నిద్ర లేదు. డోసు పెంచాలా, మందే మార్చాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
ఏ పూట, తినే ముందా తిన్నాకా, అది రాయలేదు మీరు. ముందు అది చెప్పండి బాబూ.

అడిగినవారు:
పొద్దున టీ తాగి బీపీ మాత్రలతో ఒకటి, మధ్యాహ్నం భోంచేసిన గంటకి ఒకటి, పడుకునే ముందు ఒకటి అండి.

జవాబు:
అదిగో, అక్కడే ఉంది తిరకాసు. మావారికి ఆరేళ్లుగా డయాలసిస్, మొదటి ఏడాది మేమూ ఇదే తప్పు చేశాం, ఎవరూ విడమర్చి చెప్పలేదు మరి. ఇది బీపీ మాత్రలాగా రక్తంలోకి వెళ్లి పనిచేసేది కాదు. కడుపులో అన్నంతో కలిసి, అందులోని ఫాస్ఫరస్‌ని పట్టుకుని విరేచనంలో బయటికి తీసుకుపోతుంది. ఉత్త టీ మీద వేసుకుంటే పట్టుకోవడానికి అక్కడ ఏముంటుంది? మూడు మాత్రల్లో రెండు దాదాపు వృథా, మూడోది కూడా చాలావరకు వృథానే. కంచం ముందు కూర్చున్నాక, తింటూ మధ్యలో వేసుకోవాలి. నమలకూడదు, చిదమకూడదు, అలాగే మింగాలి. ఎక్కువ తినే పూట రెండు వేసుకోమని కొందరికి డాక్టర్లు పంచి ఇస్తారు, అది మీ అంతట మీరు మార్చకండి, అడిగి చేయండి. మావారు పెళ్లిళ్లకి వెళ్తే చొక్కా జేబులో రెండు మాత్రలు ఉండాల్సిందే, విస్తరి ముందు మర్చిపోతే నేను దూరం నుంచే సైగ చేస్తా.

డయాలసిస్ చేస్తున్నారు కదా, అదే తీసేస్తుందిలే అనుకోకండి. ఒక్కో డయాలసిస్‌లో నాలుగు గంటల్లో పోయే ఫాస్ఫరస్ సుమారు 800 మి.గ్రా., అంటే వారానికి 2,400. రోజుకి 1,000 మి.గ్రా. తింటే అందులో 600 దాకా ఒంటికి పడుతుంది, వారానికి 4,200. ఆ మిగిలినదాని కోసమే ఈ మాత్రలు.

సోంపేట అన్నారు కాబట్టి అడుగుతున్నా, అటువైపు జీడితోటలు ఎక్కువ కదా, జీడిపప్పు తింటున్నారా? వంద గ్రాముల్లో దాదాపు 590 మి.గ్రా. ఫాస్ఫరస్ ఉంటుంది. ముళ్లతో నమిలే ఎండుచేపలు, కోలా డ్రింకులు కూడా బంద్. కోలాలో కలిపే ఫాస్ఫేటు దాదాపు మొత్తం ఒంటికి పట్టేస్తుంది, పప్పుధాన్యాల్లోది సగం కూడా పట్టదు. అలాగని మాంసకృత్తులు మాన్పించేయకండి, నీరసపడిపోతారు. గుడ్డులో పచ్చసొన తీసేసి తెల్లసొన పెట్టండి, దాన్లో ఫాస్ఫరస్ నామమాత్రం.

ఇంకొకరు:
ఖర్చు ఎక్కువైతే ఇదే పని చేసే కాల్షియం ఎసిటేట్ చవక అండి, కానీ రిపోర్టులో కాల్షియం, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) చూడకుండా దానికి మారొద్దు. కాల్షియం ఎక్కువైతే రక్తనాళాల్లో పేరుకుంటుంది. లాంథనమ్ అని ఇంకోటి ఉంది, దాన్ని మాత్రం బాగా నమిలి మింగాలి, సెవెలమర్‌కి పూర్తిగా రివర్స్. గ్యాస్ అని షాపులో అడిగి యాంటాసిడ్ టానిక్ తెచ్చుకోవద్దు, చాలావాటిలో అల్యూమినియం ఉంటుంది, కిడ్నీ పేషెంట్లకి మంచిది కాదు. మలబద్ధకం ఉంటే కూడా డాక్టర్‌కి చెప్పండి, సెవెలమర్‌తో అది మామూలే, కానీ విరేచనం కాకపోతే పొటాషియం కూడా పెరుగుతుంది.

అడిగినవారు:
నాన్నని గట్టిగా అడిగితే ఒప్పుకున్నారండి, తోటకి వెళ్లినప్పుడల్లా గుప్పెడు జీడిపప్పు నోట్లో వేసుకుంటున్నారట! ఈ రోజు నుంచి మాత్ర కంచం పక్కనే పెడుతున్నా. గురువారం డయాలసిస్‌కి వెళ్లినప్పుడు ఏ పూట ఎన్ని వేయాలో అడుగుతా. ఇంకొక్కటి, పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర కూడా ఉంది. పర్లేదా?

జవాబు:
మంచిపని చేశారు అడిగి. రెండింటికీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే సెవెలమర్ దాన్ని కూడా పట్టేసుకుంటుంది. టిఫిన్‌తో సెవెలమర్ పడితే పొద్దున అంత ఎడం కుదరదు, అందుకే మావారి థైరాయిడ్ మాత్రని రాత్రి పడుకునే ముందుకి, భోజనంతో వేసే సెవెలమర్‌కి నాలుగు గంటల ఎడం ఉండేలా మార్చారు. గురువారం ఇది కూడా అడగండి, థైరాయిడ్ ఎలా ఉందో చూసే టీఎస్‌హెచ్ పరీక్ష కూడా ఒకసారి రాయమనండి.