ఈ వారం సమస్య: పాట వెనుకకేగి బాట చూపె

నల్లగొండ (నిర్వహణ): ఛందస్సు ఆటవెలది, ఇచ్చింది నాలుగో పాదం, మిగతా మూడు మీరు అల్లాలి. వస్తువు ఇంగ్లండులోని లివర్‌పూల్ పాటల బృందం బీటిల్స్, 1965 నుంచి 1967 దాకా వాళ్ళు చేసిన ప్రయోగాలు. వెనక్కి నడిచేవాడు దారి ఎలా చూపుతాడన్నదే చిక్కు. విప్పండి.

మిర్యాలగూడ:
బీటిలులకు రాత్రి వెలిగిన దొకయూహ
తిరగవేసి టేపు తెల్లవార్లు
విన్న వారి చెవికి విందుగా మారెను
పాట వెనుకకేగి బాట చూపె

1966 నాటి ‘రెయిన్’ పాట చివర బృంద గాయకుడు లెనన్ గొంతు తలకిందులుగా వినిపిస్తుంది. టేపును చివరి నుంచి మొదటికి ఆడించారు.

నిర్వహణ: చిక్కు విడింది. ఊహ ఎవరిదో చెప్పకుండా దాటేయడం తెలివైన పని. లెనన్ తనదన్నాడు, నిర్మాత జార్జ్ మార్టిన్ తనదన్నాడు. ‘విందుగా మారెను’ మాత్రం బస్సు సీటు మీద వేసిన దస్తీలా ఉంది, చోటు ఆపడానికే.

దేవరకొండ:
హారిసన్ సితారు నందుకొన్న దినాన
తూర్పు గాలి వీచె లండనందు
తరతరాల నాటి తంబురా శ్రుతి పట్టి
పాట వెనుకకేగి బాట చూపె

నిర్వహణ: రెండో పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ ఉండాల్సిన పొత్తు, పోయింది. ‘తూ’కు ‘లం’ పలకదు.

గద్వాల: అమ్మా, లండన్ పేరెత్తకుండానే లండన్‌ను రప్పించవచ్చు. ‘తూర్పు గాలి వీచె దొరల నేల’ అనండి.

దేవరకొండ: వందనాలు మాస్టారూ, మార్చేశాను. నాకంటే మీ దొరలే బాగున్నారు.

మిర్యాలగూడ: ఒక్క సందేహం. సితారు వినిపించిన ‘నార్వీజియన్ వుడ్’ 1965లో వచ్చింది, అందులో తంబురా లేదు. తంబురా నాదం మరుసటి ఏడు ‘టుమారో నెవర్ నోస్’లో వినిపిస్తుంది. ‘ఆ దినాన’ రెండూ ఎలా కుదురుతాయి?

దేవరకొండ: కుదరవు, ఒప్పుకుంటున్నాను. కానీ ‘నేర్చిన’ అనలేదు, ‘అందుకొన్న’ అన్నాను చూడండి. 1965లో అందుకోవడమే, సితార్ విద్వాంసుడు రవిశంకర్ దగ్గర బీటిల్స్ గిటారిస్టు హారిసన్ పాఠం మొదలైంది 1966లోనే.

నాగర్‌కర్నూల్:
గొల్లసుద్దులెత్తి గొంగడి ధరియించి
కర్ర కేలబట్టి గజ్జె కట్టి
సూటి మాటలల్లె సుద్దాల హనుమంతు
పాట వెనుకకేగి బాట చూపె

నిర్వహణ: పద్యం నడక బాగుంది, యతులు చక్కగా కుదిరాయి. వస్తువు మాత్రం పూర్తిగా తప్పింది. అడిగింది లివర్‌పూల్ కుర్రాళ్ళను, మీరు తెచ్చింది మన ఉమ్మడి నల్లగొండ జిల్లా కవిని!

నాగర్‌కర్నూల్: అన్నా, పని ఒక్కటే కదా. వాళ్ళు కొత్త పాట కోసం పాత వాద్యం దగ్గరికి వెళ్ళారు. ఈయన తెలంగాణ సాయుధ పోరాటం పాట కోసం పాత జానపద కళ గొల్లసుద్దుల దగ్గరికి వెళ్ళారు.

గద్వాల: ఒక్కటే కాదు నాయనా. హారిసన్ వెళ్ళింది పరాయి ఇంటి అటక మీదికి, హనుమంతు ఎక్కింది సొంత ఇంటి అటక. ‘వెనుకకేగి’ అన్న మాట సూటిగా తగిలేది నీ పద్యానికే. నియమం తప్పావన్నదీ నిజమే.

నిర్వహణ: మాస్టారు ఇద్దరినీ గెలిపించారు, తీర్పు నా నెత్తిన పడింది. ఈ వారం దేవరకొండకే. వచ్చే వారం సమస్య ఇచ్చే పని నాగర్‌కర్నూల్‌ది, నియమం తప్పినందుకు శిక్షగా.

నాగర్‌కర్నూల్: శిరసావహిస్తాను. ఆటవెలది, నాలుగో పాదం:
మెట్లు పదియు రెండు మేడ సున్న

గద్వాల: పన్నెండు మెట్ల కిన్నెర వాయించిన పాలమూరు వాళ్ళకు జవాబు ముందే తెలుసు, వాళ్ళు మొదటి రోజు నోరు విప్పకూడదు.