అప్‌డేట్: వెల్డింగ్ మెషిన్ మళ్లీ ఆర్క్ పట్టింది

ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్ ఆన్ అవుతోంది కానీ రాడ్ తగిలించగానే ఆర్క్ (రాడ్‌కీ ఇనుముకీ మధ్య వెలిగే మెరుపు) చచ్చిపోతోందని అడిగాను కదా, మీలో చాలామంది అన్నట్టే కెపాసిటర్లు (లోపల కరెంటు నిలవ ఉంచే డబ్బాలు) పోయాయి. మూత తీస్తే 470 మైక్రోఫారడ్, 400 వోల్టుల డబ్బాల్లో ఒకదాని నెత్తి ఉబ్బిపోయి, కింద బోర్డు మీద మరక కట్టి ఉంది.

ప్లగ్ పీకేసినా వీటిలో 300 వోల్టుల పైనే నిలవుండొచ్చు, స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే వీరులకి దండం, నేను మాత్రం పాత ఫిలమెంట్ బల్బులు రెండు సిరీస్‌లో కలిపి డిశ్చార్జ్ చేసి, మీటర్‌లో సున్నా చూశాకే చెయ్యి పెట్టాను. మిగతావి పైకి బాగానే ఉన్నా సెట్ మొత్తం మార్చేశా, ఎందుకంటే పాతవి ఎంత నీరసపడ్డాయో చూపుకి తెలియదు, అప్పుడు భారమంతా కొత్తదాని మీద పడుతుంది. 105 డిగ్రీల వేడి వరకూ తట్టుకునే రకమే తీసుకున్నా. డబ్బా మీద గీత ఉన్న వైపు మైనస్, తిరగేసి బిగిస్తే పేలుతుంది.

మొదటిసారి కరెంటు మెషిన్‌కి సిరీస్‌లో కలిపిన బల్బు ద్వారానే ఇచ్చా. బల్బు భగ్గున వెలిగి మసకబారింది, అంటే షార్ట్ లేదు, ఉంటే వెలుగుతూనే ఉండేది. తర్వాత నేరుగా పెట్టి 3.15 మి.మీ. రాడ్ కాల్చా, హాయిగా నడుస్తోంది. బోర్డే మార్చాలన్న మెకానిక్‌కి ఇంకా చెప్పలేదు. సాఫ్ట్ స్టార్ట్ రిలే (ఆన్ చేయగానే కరెంటు ఒక్కసారిగా దూకకుండా చూసే ఏర్పాటులోని స్విచ్) కాంటాక్టులు నల్లబడ్డాయి, అవి కూడా మార్చాలి.