అప్‌డేట్: కస్టమర్ సర్వీస్ డిగ్రీ, మా చెల్లి చేరిపోయింది

ఇంటర్ బైపీసీ చదివి కాల్ సెంటర్‌లో పనిచేస్తున్న మా చెల్లికి కస్టమర్ సర్వీస్ డిగ్రీ దూరవిద్యలో దొరుకుతుందా, అది చెల్లుతుందా అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్సండి.

"ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) చూడండి" అన్నవారి మాటే పనికొచ్చింది. అచ్చంగా ఆ పేరుతో కోర్సు లేదు గానీ, బీబీఏ సర్వీసెస్ మేనేజ్‌మెంట్ ఉంది. మూడేళ్ల కోర్సు, ఆరేళ్లలోపు పూర్తిచేయొచ్చు. ఉద్యోగం మానక్కర్లేదు, మాకు అదే పెద్ద ఊరట.

యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) గుర్తింపున్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్‌తో సమానమేనని 2022లో యూజీసీయే మళ్లీ స్పష్టం చేసింది.

ఇంటర్ గ్రూపు, పని అనుభవం గురించి అనవసరంగా కంగారుపడ్డాం, రెండూ అడ్డు కాలేదు. అసలు ఆగింది డెబ్ ఐడీ దగ్గర, అంటే దూరవిద్యలో చేరేవారు యూజీసీ దూరవిద్య విభాగం దగ్గర తీసుకోవాల్సిన నంబరు. దానికి ముందు ఏబీసీ ఐడీ (విద్యార్థి క్రెడిట్లు దాచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా నంబరు) ఉండాలి. దరఖాస్తుకు కూర్చునే ముందే రెండూ తీసుకోండి. ఏడాదిలో డిగ్రీ ఇప్పిస్తామనే ఏజెంట్ల జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి.