గాలియం నైట్రైడ్ ట్రాన్సిస్టర్లా, క్వాంటం పదార్థాలా? జేఆర్‌ఎఫ్ వచ్చిన అమ్మాయికి ఏది మేలు?

ప్రశ్న (కందుకూరు నుంచి):
నమస్కారం. నేను కందుకూరు దగ్గరి ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. మా అమ్మాయి నెల్లూరులో ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం ముగించి, ఈసారి జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంది. పీహెచ్‌డీకి రెండుచోట్ల అవకాశం వచ్చింది. ఒకచోట గాలియం నైట్రైడ్ అనే అర్ధవాహకంతో ట్రాన్సిస్టర్ల తయారీ, మరోచోట మాలిబ్డినం డైసల్ఫైడ్ వంటి పలుచని పదార్థాలలో క్వాంటం ధర్మాల పరిశోధన. మొదటిది చేతిపని నేర్పుతుందనీ, రెండోది ఇప్పటి గాలివాటమేననీ బంధువులు అంటున్నారు. రెండూ ప్రభుత్వ నిధులతో నడిచేవే కాబట్టి, ప్రాజెక్టు గడువు తీరాక పిల్ల గతి ఏమిటన్నది నా అసలు బెంగ.

సమాధానం (కావలి నుంచి):
మాస్టారూ, మీ బంధువులు ఆ రెండింటి మధ్య వేసిన గట్టు నిజానికి లేదు. గాలియం నైట్రైడ్ మీద అల్యూమినియం గాలియం నైట్రైడ్ పొరను పెంచినప్పుడు, ఆ రెండూ కలిసేచోట ఎలక్ట్రాన్లు కొద్ది నానోమీటర్ల మందంలో చిక్కుకొని ఆ తలం వెంబడి మాత్రమే చురుకుగా కదులుతాయి. ఈ ట్రాన్సిస్టర్‌కు బలమిచ్చే ఆ పొర క్వాంటం వ్యవహారమే. అటునుంచి చూసినా అంతే. 1980లో క్లాస్ ఫాన్ క్లిట్జింగ్ క్వాంటం హాల్ ప్రభావాన్ని (అతిశీతలంలో, బలమైన అయస్కాంత క్షేత్రంలో విద్యుత్ నిరోధం మెట్లుమెట్లుగా మారడాన్ని) కనుగొన్నది మాస్‌ఫెట్ అనే సిలికాన్ ట్రాన్సిస్టర్‌లో, అదీ గ్రెనోబుల్‌లో ప్రభుత్వ సొమ్ముతో నడిచే ప్రయోగశాలలో. అప్పుడు తేలిన సుమారు 25,812.8 ఓమ్‌ల విలువే నేడు నిరోధానికి కొలబద్ద.

సమాధానం (నెల్లూరు, పరిశోధక విద్యార్థిని):
నేను ఆ రెండో రకం పనిలోనే ఉన్నాను అంకుల్. సైదాపురం అభ్రకాన్ని గోటితో పొరలుగా లాగినట్టే, మాలిబ్డినం డైసల్ఫైడ్‌ను టేపు అంటించి ఊడదీస్తాము. ముద్దగా ఉన్నప్పుడు దాని శక్తి అంతరం (ఎలక్ట్రాన్ కదిలే స్థితికి ఎగరడానికి కావలసిన శక్తి) సుమారు 1.2 ఎలక్ట్రాన్ వోల్టులు; ఒక్క పొరకు దిగితే అది 1.8 దాకా పెరగడమే కాక, అంతవరకు వెలుగివ్వని పదార్థం వెలుగిస్తుంది. ఆ తర్వాత ఒళ్లంతా కప్పే దుస్తులు వేసుకొని, పసుపు దీపాల కింద లితోగ్రఫీ (వెలుతురుతో సన్నని నమూనాలు అచ్చువేయడం) చేసి, దానిమీద ఎలక్ట్రోడ్లు వేయాలి. కాబట్టి చేతిపని ఇక్కడా తప్పదు. నాకు చేదు అనుభవం పరిశోధనాంశం పేరు వల్ల రాలేదు, యంత్రం వల్ల వచ్చింది: మా దగ్గర వాక్యూమ్ పంపు చెడిపోతే, విడిభాగానికి నిధులు మంజూరయ్యేసరికి ఒక సెమిస్టరు గడిచిపోయింది. అందుకే ఏ యంత్రాలు సొంతంగా ఉన్నాయి, వేటికి స్లాటు కోసం ఎదురుచూడాలి అన్నది అక్కడి సీనియర్లనే అడగమనండి.

సమాధానం (ఒంగోలు నుంచి):
గడువు సంగతి. నెట్ ద్వారా వచ్చిన ఫెలోషిప్ విద్యార్థిది, ప్రాజెక్టుది కాదు. మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆపై 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం వేరు, మొత్తం అయిదేళ్లు. చిక్కల్లా వేఫర్లకూ (పరికరాలు తయారుచేసే పలుచని అర్ధవాహక బిళ్లలకూ) రసాయనాలకూ వచ్చే సొమ్ముతోనే. 2023లో ఆమోదించిన జాతీయ క్వాంటం మిషన్‌కు 6,003.65 కోట్లు కేటాయించినా, అది 2030-31తో ముగుస్తుంది. గైడు చేతిలోని ప్రాజెక్టు ఎప్పటివరకన్నది విడిగా తెలుసుకోవాలి. సొంత క్లీన్‌రూమ్ (దుమ్ము చేరని ప్రయోగశాల గది) లేనివారికి బెంగళూరు ఐఐఎస్సీ, ఐఐటీ బొంబాయిలలోని నానోఎలక్ట్రానిక్స్ సౌకర్యాలను వాడుకునే ప్రభుత్వ పథకం 2008 నుంచి ఉంది.

కందుకూరు నుంచి:
అందరికీ కృతజ్ఞతలు. ఫెలోషిప్ అమ్మాయిదేనన్న మాట ఇంట్లో ఎవరికీ తెలియదు. రెండుచోట్లా సీనియర్లకు ఫోన్ చేసి, యంత్రాల సంగతి ముందుగా అడగమని చెప్పాను.